వంద గంటల ఓపిక

జూలై మూడో తేదీ, సోమవారం. ఆ మధ్యాహ్నం స్పీకర్లు బిగించే ఫిట్టరు తిన్నది రెండు ఉడకబెట్టిన గుడ్లు, నాలుగు బ్రెడ్డు ముక్కలు, ఉప్పు చల్లిన కీరదోస చక్రాలు. పాటల టీచరమ్మగారింట్లో, కిటికీ గట్టు మీద పళ్ళెం పెట్టుకుని నిలబడే తిన్నాడు. కూర్చోమని ఆవిడ రెండుసార్లు చెప్పింది. ప్యాంటు నిండా అట్టపెట్టెల పొట్టు అంటుకుని ఉంది, కుర్చీ పాడవుతుందని అతను కూర్చోలేదు. ఆవిడ మూడోసారి చెప్పలేదు. టేబుల్ ఫ్యాను అతని వైపు తిప్పి లోపలికి వెళ్ళింది.

కొత్త స్పీకర్లు రెండూ నడుమెత్తున గది మధ్యలో నిలబడి ఉన్నాయి. పాతవి తలుపు పక్కన, గోడకి మొహం పెట్టుకుని ఉన్నాయి. వాటి కాగితపు కోనుల్ని అతనే రెండుసార్లు అతికాడు. మూడోసారి కాయిలు కాలిపోయింది. "ఇంక నా వల్ల కాదమ్మా" అని అతనే చెప్పి, షాపులో కొత్తవి అతనే చూపించాడు.

ఆ గదిలో ఆవిడ ఇరవై ఆరేళ్ళుగా పాటలు నేర్పుతోంది. ముందు రికార్డు వినిపిస్తుంది. పాడే మనిషి ఎక్కడ ఊపిరి తీసుకుంటోందో అక్కడ చెయ్యెత్తమంటుంది. చెయ్యి సరైన చోట లేచేదాకా ఎవరినీ నోరు తెరవనివ్వదు. కొందరికి వారం పడుతుంది, కొందరికి మూడు నెలలు పడుతుంది. అందరి చేతులూ ఏదో ఒకరోజు లేస్తాయి.

ఫిట్టరు చేతులు కడుక్కొచ్చి, వైర్లు బిగించి పాట పెట్టాడు. టీచరమ్మ నిలబడే వింది, తల కొంచెం ఎడమకి వంచి.

"జలుబు చేసిన గొంతులా ఉంది" అంది.

"కొత్తవి కదమ్మా. కోను చుట్టూ రబ్బరు అంచు ఉంటుంది, అది బిగువుగా ఉంటుంది. వంద గంటలు ఆడాలి. అప్పుడు తెరుచుకుంటాయి."

"వంద గంటలా!"

అని పక్కగదిలోంచి పెద్దాయన గొంతు వచ్చింది. ఆవిడ భర్త. తపాలా ఆఫీసులో ముప్ఫయ్యేళ్ళు ఉత్తరాల మీద ముద్రలు కొట్టి రిటైరైన మనిషి. ఆ చప్పుడుకే చెవులు మందగించాయని ఆయన అంటాడు, పెళ్ళప్పటికే అలా ఉండేవని ఆవిడ అంటుంది. "కొత్త చెప్పులు నయం కదుటోయ్! పదడుగులకే కరిచి తమ సంగతి చెప్పేస్తాయి" అన్నాడాయన. మామూలుగా వినపడనివాడు ఇలాంటివి మాత్రం ఎలా వింటాడో ఎవరికీ తెలియదు.

చిక్కల్లా పైవాటాలో ఉండే నర్సు. రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పడుకుంటుంది. పాఠం జరిగే రెండు మూడు గంటలూ పాపం దిండు చెవికి అడ్డం పెట్టుకుని సర్దుకుంటుంది గాని, పొద్దస్తమానం మోగిస్తే ఊరుకోదు. అందుకని ఫిట్టరు తనకి తెలిసిన పద్ధతి ఒకటి చేశాడు. స్పీకర్లు రెండింటినీ ఎదురెదురుగా, ముక్కుకి ముక్కు తగిలేలా జరిపాడు. ఎడమదాని వెనక ఎర్రవైరు తీసి నల్లదాని చోట, నల్లది ఎర్రదాని చోట బిగించాడు. పైన బొంత కప్పాడు.

"ఇప్పుడు ఒకటి ముందుకి తోస్తుంటే రెండోది వెనక్కి లాక్కుంటుందమ్మా. ఒకదాని చప్పుడు ఇంకోదాని చప్పుణ్ణి మింగేస్తుంది. అవి ఆడుతూనే ఉంటాయి, బయటికి వినపడదు. బుధవారం నేనొచ్చి సరిచేసి, ఎక్కడివక్కడ పెట్టి వెళ్తాను."

టీచరమ్మ వంగి బొంతకి చెవి ఆనించింది. "లోపల ఎవరో పళ్ళు బిగబట్టి పోట్లాడుకుంటున్నట్టుంది."

"మనం పోట్లాడుకుంటే పక్కవాటావాళ్ళకి అలాగే వినపడేది కాబోలు" అన్నాడు పెద్దాయన, గుమ్మంలోకి వచ్చి నిలబడి.

బుధవారం ఫిట్టరు రాలేదు. కాలేజీ హాల్లో పద్నాలుగు స్పీకర్లు గోడకెక్కించే పని హఠాత్తుగా తగిలింది. ఆవిడ ఫోన్ చేసేసరికి అతను నిచ్చెన పై మెట్టు మీద ఉన్నాడు. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, పళ్ళ మధ్య రెండు మేకులు పెట్టుకుని మాట్లాడాడు. "మీరే జరుపుకోండమ్మా, బరువేం ఉండవు. గోడకి జానెడు ఎడంగా పెట్టండి. రెండింటి మధ్య మీరు చేతులు బార చాపినంత దూరం. మొహాలు కొంచెం మీ కుర్చీవైపు తిప్పండి."

"అంతేనా?"

"అంతేనమ్మా."

ఫోను జేబులో వేసుకుని అతను మళ్ళీ డ్రిల్లు అందుకున్నాడు.

గురువారం పొద్దున్నే ఆవిడ షాపుకి ఫోన్ చేసింది. "గొంతు మధ్యలో నిలబడటం లేదు నాయనా. నీళ్ళు ఒలికినట్టు గదంతా పరుచుకుంటోంది. ఒక్కోసారి నా తల వెనకనుంచి వస్తోంది."

"ఎన్ని గంటలయింది?"

"ముప్ఫైరెండు. ఆయన కేలండరు మీద గీతలు పెడుతున్నారు."

"వంద కానివ్వండమ్మా."

షాపు ఫిట్టరు బావది, అంటే అతని అక్క భర్తది. చెడ్డవాడు కాదు. పనివాళ్ళకి మధ్యాహ్నం పూట గంట పడుకోవడానికి వెనకగదిలో చాప పరిపించిన మనిషి. కొన్నవాళ్ళకి ఏం చెప్పాలో బావ ఒక కాగితం మీద రాసి, కౌంటరు లోపలివైపు అంటించాడు. అందులో మొదటి మాట వంద గంటలు. పదకొండేళ్ళుగా ఫిట్టరు ఆ మాట చెబుతున్నాడు. అందులో కొంత నిజం ఉందని అతని బొటనవేలికి తెలుసు. కొత్త కోనుని మెత్తగా నొక్కితే మొదటిరోజు ఉన్న బిగువు మర్నాటికి కొంచెం సడలుతుంది. ఆ తర్వాత సడలేది ఎక్కువగా వినేవాళ్ళ పట్టుదలే. రోజుకి మూడు గంటలు పాటలు వినే ఇంట్లో వంద గంటలంటే నెల దాటిపోతుంది. నచ్చకపోతే ఏడు రోజుల్లో వెనక్కి తేవాలని రసీదు అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఈ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి అతనెప్పుడూ చూడలేదు.

ఆదివారం ఆవిడ మళ్ళీ చేసింది. "ఊపిరి వినపడటం లేదు. పాతవాటిలో వినపడేది. చిరిగిపోయిన వాటిలో కూడా."

"చెవి పాతదానికి అలవాటు పడిపోతుందమ్మా. కొత్తదానికి కుదురుకోవాలి. కాస్త ఓపిక పట్టండి."

మంగళవారం ఫోన్ చేసినప్పుడు ఆవిడ గొంతు తగ్గింది. "డెబ్భైరెండు అయ్యాయి. పాఠాలప్పుడు కూడా ఆపకుండా, నువ్వు చెప్పినట్టే ఆడిస్తున్నాను. పైనమ్మాయిని బతిమాలుకుని రోజుకి ఎనిమిదేసి గంటలు. ఒక మాట అడుగుతాను, నిజం చెప్పు. ఇవి కొన్న మిగతావాళ్ళకి బాగానే వినపడుతున్నాయా?"

ఆవిడ దిగులు పోగొడదామని అతను ఉత్సాహంగా అన్నాడు. "అందరూ బ్రహ్మాండంగా ఉన్నాయంటున్నారమ్మా. ఒక్కరు కూడా మాట అనలేదు."

"ఓహో" అందావిడ. "సరే నాయనా, ఉంటాను."

తర్వాత ఆవిడ ఫోన్ చేయలేదు. కుదురుకున్నట్టున్నాయి అనుకున్నాడు ఫిట్టరు.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి పెద్దాయన షాపుకి వచ్చాడు. గొడుగు గుమ్మం బయటే ఆనించి, చెప్పులు కూడా విడవబోతుంటే బావ వద్దని లోపలికి పిలిచాడు. ఫిట్టరు వెనక బల్ల దగ్గర ఒక పాత రేడియోలో ఊడిన వైరుకి సీసం కరిగించి టాంకా వేస్తున్నాడు.

"ఆ స్పీకర్లు మీరు తిరిగి తీసుకుంటారా అండీ?" అన్నాడు పెద్దాయన.

"ఏడు రోజులు దాటిపోయాయి కదండీ" అన్నాడు బావ, నొచ్చుకుంటున్నట్టే. "అసలు ఇంకా వంద గంటలు..."

"తెలుసు, తెలుసు. అడిగి రమ్మంది, వచ్చాను. పాఠాలు ఆపేస్తోందండీ ఆవిడ. నెలాఖరుదాకానే."

"అయ్యో, ఒంట్లో బాగాలేదా?"

"చెవులు పోయాయట." ఆయన బిగ్గరగా, ఏదో చిరునామా చెబుతున్నట్టు చెప్పాడు. "అందరికీ బ్రహ్మాండంగా వినపడుతున్నాయట, తనకొక్కదానికే వినపడటం లేదట. గొంతు తల వెనకనుంచి వస్తోందంటుంది. తనకి వినపడనిది ఒకళ్ళకి నేర్పడం మోసం అంటుంది. రెండిళ్ళకి ఫోన్ చేసి, పిల్లల్ని వేరే చోట చేర్పించమని చెప్పేసింది కూడానూ." జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "నావెలాగూ పనికిరాని చెవులేనండీ. ఇంటికంతటికీ పనికొచ్చే చెవులు ఆ రెండే. అవీ పోయాయంటే ఇక గుమ్మంలో ఎవరైనా పిలిస్తే పలికేదెవరు?"

బావ నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగాడు.

టాంకా వేసే కడ్డీ ఫిట్టరు చేతిలో అలాగే ఉండిపోయింది. తల వెనకనుంచి. ఆ మాట గురువారం కూడా విన్నాడు. అప్పుడు చెవి విన్నది, నోరు జవాబు చెప్పింది. ఇప్పుడు అతని బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే కదిలాయి. నల్లవైరు కొసని మెలిపెట్టి ఎర్ర స్క్రూ కింద దూర్చినట్టు. అతను కడ్డీని స్టాండులో పెట్టాడు. పెద్దాయన గొడుగు తీసుకుని, రోడ్డు దాటి, కనపడకుండా పోయేదాకా మాట్లాడలేదు.

"బావా, తప్పు నాదే. ఎడమదాని వైరు తిరగేసే ఉండిపోయింది. బొంత కప్పినప్పుడు తిప్పాను. ఫోన్లో చెప్పడం మర్చిపోయాను."

బావ కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. "ఎన్ని గంటలయింది?"

"తొంభై ఆరు దాకా అయ్యుంటుంది."

బావ పకపకా నవ్వాడు. "నీ జాతకం బావుందిరా బావమరిదీ! ఇప్పుడే వెళ్ళు. దుమ్ము తుడుస్తున్నట్టు దాని వెనక వంగి, వైరు మార్చేసిరా. వంద నిండాయి, తెరుచుకున్నాయి అను. ఆవిడకీ సంతోషం, మన మాటా నిలబడుతుంది."

"తప్పు నాదని చెప్పొద్దా?"

"చెబితే ఏమొస్తుంది చెప్పు? ఆవిడకి కోపం వస్తుంది. నీకు చెడ్డపేరొస్తుంది. ఎవరికిరా లాభం?"

ఫిట్టరు ఆలోచించాడు. స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు.

"నడిచి వెళ్ళకు, మోకాళ్ళు నొప్పులంటున్నావు. స్కూటరు తీసుకుపో" అని బావ తాళంచెవి అతని వైపు విసిరాడు.

అతను వెళ్ళేసరికి టీచరమ్మ బల్ల దగ్గర కూర్చుని ఉంది. ముందు ఒక కాగితం. ఎడమవైపు పిల్లల పేర్లు, కుడివైపు ఊళ్ళో ఉన్న మిగతా పాటల టీచర్ల పేర్లు. ఎవరిని ఎవరి దగ్గరికి పంపాలో గీతలు గీసి కలుపుతోంది. ఒక పేరు దగ్గర మూడుసార్లు గీసి కొట్టేసి ఉంది. ఆ పిల్ల ఎవరి దగ్గరా కుదరదని కాబోలు.

"రా నాయనా. నువ్వెందుకు శ్రమపడి వచ్చావు? వెనక్కి తీసుకోవడం కుదరదని ఆయన చెప్పారులే. నీ తప్పేం లేదు. డబ్బాలు మంచివే. వయసొచ్చింది నాకు, అంతే."

అతను జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు. "ఒకసారి చూస్తానమ్మా" అని ఎడమ స్పీకరు వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎర్ర స్క్రూ కింద నల్లవైరు, నల్ల స్క్రూ కింద ఎర్రవైరు. తన చేత్తో చుట్టిన మెలికలు, చక్కగా, బిగుతుగా, పోగు కూడా బయటికి రాకుండా ఉన్నాయి. శ్రద్ధగా చేసిన పని. విప్పి, మార్చి బిగించడానికి నిమిషం కూడా పట్టలేదు.

"మీరు కుర్చీలో కూర్చోండమ్మా."

"నేనెందుకు? నువ్వే విను."

"మీరే వినాలి."

ఆవిడ నిట్టూర్చి లేచి, రోజూ కూర్చునే కుర్చీలో కూర్చుంది. అతను పాట పెట్టాడు. రెండు తంత్రుల్ని ఎవరో మీటారు. తర్వాత గొంతు వచ్చింది. వచ్చి, రెండు స్పీకర్లకీ సరిగ్గా మధ్యలో, ఖాళీగోడ ముందు, మనిషి నిలబడ్డట్టు నిలబడింది.

టీచరమ్మ కదల్లేదు. మొదటి చరణం సగంలో ఆవిడ కుడిచెయ్యి ఒళ్ళోంచి లేచింది. ఆ పైన ఇంకోసారి లేచింది. మూడోసారి లేచినప్పుడు దించడం మర్చిపోయింది.

పెద్దాయన గుమ్మంలోకి వచ్చాడు. భార్య మొహం చూశాడు, గబగబా కేలండరు దగ్గరికి వెళ్ళి గీతలు లెక్కపెట్టాడు. "తొంభై ఏడు!" అని అరిచాడు. "మూడు గంటలు ముందే తెరుచుకున్నాయోయ్!"

ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుని నవ్వింది. "ఓపిక లేనిది నాకే. ఈ అబ్బాయి మొదటిరోజే చెప్పాడు. ఆ మాట నమ్మి ఉంటే నాకింత బాధ ఉండేది కాదు."

అంతా బావ చెప్పినట్టే అయింది. ఫిట్టరు స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు. ఇక లేచి వెళ్ళడమే తరువాయి. పెద్దాయన టీ పెడతానని వంటింట్లోకి నడిచాడు.

టీచరమ్మ బల్ల మీద కాగితం అందుకుని, చించబోయి ఆగింది. నాలుగు మడతలు పెట్టింది. "ఇది ఉండనీలే" అంది తనలో తను అనుకుంటున్నట్టు. "అందరికీ వెంటనే వినపడింది నాకు తొంభై ఏడు గంటలకి గాని వినపడలేదంటే, మునుపటి చెవులు కావుగా ఇవి. ఇంకో ఏడాది నేర్పుతాను. ఆ తర్వాత మానేస్తాను. పిల్లల్ని మోసం చెయ్యకూడదు."

మడత పెట్టిన కాగితాన్ని సొరుగులో పెట్టింది.

ఫిట్టరు లేచి నిలబడ్డాడు. ఎవరికి లాభమని బావ అడిగిన ప్రశ్నకి జవాబు ఆ సొరుగులోకి వెళ్ళిపోతున్నట్టు అనిపించింది అతనికి.

"అమ్మా, అవి తెరుచుకోలేదు."

ఆవిడ తలెత్తింది.

"ఆ సోమవారం బొంత కప్పినప్పుడు ఎడమదాని వైరు తిరగేశాను, మీకు గుర్తుందో లేదో. బుధవారం దాన్ని మళ్ళీ మార్చాలి. నిచ్చెన మీదుండి మీకు చెప్పడం మర్చిపోయాను. ఇప్పుడే మార్చాను. తొమ్మిది రోజులుగా అవి తప్పుగానే పాడుతున్నాయి."

ఆవిడ చెయ్యి చాపి పాట ఆపేసింది. వంటింట్లో గిన్నె చప్పుడైంది.

"గురువారం పొద్దున నేను నీకు ఏం చెప్పాను?"

"గొంతు మధ్యలో నిలబడటం లేదన్నారు."

"ఇంకా?"

"తల వెనకనుంచి వస్తోందన్నారు."

"వైరు తిరగబడితే ఎలా వినపడాలి?"

"అచ్చంగా అలాగేనమ్మా. మా పనిలో ఉన్నవాళ్ళు కూడా చాలామంది అంత కచ్చితంగా చెప్పలేరు. నేను బుర్ర పెట్టి వినుంటే ఆ రోజే తెలిసేది."

ఆవిడ మెల్లిగా మళ్ళీ కుర్చీలో కూర్చుంది. "అంటే, నేను విన్నది ఉన్నదే."

"ఉన్నదేనమ్మా."

"మొదటి రోజే."

"మొదటి రోజే."

ఆవిడ తన చేతుల్ని చూసుకుంది. తర్వాత కోపం వచ్చింది. గొంతు పెంచలేదు, శ్రుతి కూడా తప్పలేదు. "మరి అందరికీ బ్రహ్మాండంగా ఉందన్నావే?"

"మీరు దిగులుపడతారని..."

"దిగులుపడతానని! రాత్రిళ్ళు దీపం ఆర్పి, గోడ గడియారం చప్పుడు వినపడుతోందా లేదా అని చూసుకుంటూ పడుకున్నాను నేను. వినపడేది. అయినా నమ్మకం లేదు. అలవాటు కొద్దీ విన్నట్టనిపిస్తోందేమో అనుకున్నాను. ఆ చప్పుడు నా లోపలిదే అనుకున్నాను. తెలుసా నీకు?"

అతను తలొంచుకున్నాడు.

పెద్దాయన టీ గ్లాసులతో వచ్చి, ఇద్దరినీ చూసి, "ఏమంటున్నాడు?" అని చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"నా చెవులు బాగున్నాయంటున్నాడండీ!" అని గట్టిగా చెప్పింది ఆవిడ.

"ఆ ముక్క చెప్పడానికి స్కూటరేసుకుని రావాలా? నన్నడిగితే చెప్పేవాణ్ణి. నేను సణుక్కునేవన్నీ ఆవిడకి వినపడతాయి." గ్లాసు ఫిట్టరు చేతిలో పెట్టాడు. వేడిగా ఉంది, అంచు పట్టుకోమని సైగ చేశాడు.

"టీ తాగి ఫోను తియ్యి" అంది టీచరమ్మ. "ఆ రెండిళ్ళకీ నువ్వే చెప్పు."

"నేనా?"

"నేను చెబితే, పాపం పెద్దావిడ మనసు చంపుకోలేక మళ్ళీ నేర్పుతానంటోంది అనుకుంటారు. నువ్వే చెప్పాలి."

మొదటి ఇంట్లో తల్లి ఎత్తింది. ఫిట్టరు గొంతు సవరించుకున్నాడు. "నమస్కారమండీ. నేను స్పీకర్లు బిగించే మనిషిని. టీచరమ్మగారి ఇంటినుంచి. ఆవిడ చెవులు బాగున్నాయండీ. చిన్న పొరపాటు జరిగి..."

"పొరపాటు జరగలేదు. నువ్వు చేశావు" అంది టీచరమ్మ పక్కనుంచి. "సగం చెప్పకు."

"వైరు నేను తిరగేశానండీ. సరిచెయ్యడం నేనే మర్చిపోయాను. ఆవిడ మొదటిరోజే కనిపెట్టి చెప్పారు, నేనే వినిపించుకోలేదు."

రెండో ఇంట్లో మాటలు కొంచెం తడబడకుండా వచ్చాయి. ఆ ఇంట్లో తండ్రి, "వేరేచోట ఇంకా చేర్పించలేదండీ, మా అమ్మాయి ఏడ్చి అన్నం మానేసింది. ఇప్పుడు ఏం చెప్పమంటారు, రేపు రావచ్చా?" అన్నాడు. ఫిట్టరు ఫోను చేత్తో మూసి టీచరమ్మ వైపు చూశాడు.

"ఆరున్నరకి. ఒక్క నిమిషం ఆలస్యమైనా తలుపు తియ్యనని చెప్పు."

అతను బయల్దేరేసరికి చీకటి పడుతోంది. మెట్ల దగ్గర ఫోను మోగింది, బావ.

"అయిందిరా?"

"అయింది బావా. చెప్పేశాను."

వెనక షాపులో ఎవరో ఏదో రేటు అడుగుతున్నారు. "తిట్టిందా?" అన్నాడు బావ.

"తిట్టారు. బావా, ఇకమీద నేను గంటలు చెప్పను. మొదటిరోజు ఏం వినపడితే అది ఫోన్ చేసి చెప్పమంటాను. వెళ్ళి చూసొస్తాను."

"రోజూ స్కూటరు మీద తిరుగుతానంటావు, అంతేగా?" అన్నాడు బావ. ఒప్పుకున్నాడో లేదో ఆ గొంతులో తెలియలేదు. "రేపు మాట్లాడదాం. మెల్లిగా రా, లైటు సరిగ్గా వెలగదు దానికి" అని పెట్టేశాడు.

మెట్ల దీపం పోయి నెలైందని పెద్దాయన టార్చి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. లోపల టీచరమ్మ ఒకే వాక్యాన్ని వినిపించుకుంటోంది. ఆపుతోంది. తను పాడుతోంది. మళ్ళీ మొదటికి తిప్పుతోంది. పై వాటాలో నర్సు డ్యూటీకి వెళ్ళిపోయింది, ఇప్పుడు ఎంతసేపైనా వినొచ్చు.

"అబ్బాయ్" అన్నాడు పెద్దాయన, తన లెక్కలో గుసగుసగా, అంటే వీధిదాకా వినపడేలా. "నాకు నిన్నటికీ ఇవాళ్టికీ ఏం తేడా తెలీలేదు సుమా. ఆవిడ మొహం చూస్తే తెలిసింది."

ఫిట్టరు దిగుతుంటే టార్చి వెలుగు అతని పాదాల కంటే ఒక మెట్టు ముందుగా దిగుతూ వచ్చింది. కింద నేల మీద అడుగుపెట్టి అతను చెయ్యూపాడు. పెద్దాయన టార్చి ఆర్పాడు. లోపల గొంతు ఒక మాట చివర ఆగింది. ఆయన గడియని బొటనవేలితో పైకెత్తి పట్టుకుని, చప్పుడవుతుందేమోనని రెండో చేత్తో తలుపు అంచుని ఆపుకుంటూ, ఆ రాత్రికి మెల్లిగా తలుపు వేశాడు.